పోటీకి వెళ్ళే చేతికుట్టు బొంత: తిరుపతి ప్రాజెక్టు డైరీ

మార్చి: ముందు జడ్జి చెయ్యి, తర్వాత మన సూది

ఇంట్లో కప్పుకునే బొంతకైనా పోటీకి పంపే బొంతకైనా పొరలు మూడే: పై గుడ్డ, నడుమ దూది, అడుగు గుడ్డ. పోటీలో దాన్ని పట్టి చూసే పద్ధతి వేరు. చాలా షోల్లో సహాయకులు గ్లవ్స్ వేసుకుని బొంతను ఎత్తి పట్టుకుంటారు. జడ్జి ముందు ఆరేడు అడుగుల దూరం నుంచి చూస్తారు. తర్వాత బల్ల మీద పరిచి మూలలు, అంచులు, వెనక వైపు వేళ్ళతో తడుముతారు. కొన్ని చోట్ల అంశానికిన్ని అని మార్కులు వేస్తారు. కొన్ని చోట్ల ఒక్కో బొంతనూ చూసి ఉంచడమో పక్కన పెట్టడమో చేస్తూ, మిగిలినవాటిని ఒకదానితో ఒకటి పోల్చి బహుమతి తేలుస్తారు. రెండో పద్ధతిలో బలమైన డిజైన్ మొదటి చూపు దాటిస్తుంది, ఆ తర్వాత నిలబెట్టేది పనితనమే. కాబట్టి జడ్జి వేలు ఎక్కడెక్కడ పడుతుందో ముందే రాసుకుని, ఈ ప్రాజెక్టును అక్కడి నుంచి వెనక్కి లెక్క వేశాం.

పేరున్న షోలు చాలా ఉన్నాయి. అమెరికాలో పడూకాలో 1985 నుంచి ఏటా జరిగేది, హ్యూస్టన్‌లో ప్రతి శరదృతువులో జరిగేది, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోది, జపాన్‌లో 2002లో టోక్యో డోమ్‌లో మొదలైనది అందరూ చెప్పుకునేవి. మనకు దగ్గరలో చెన్నైలో 2019లో ఇండియా క్విల్ట్ ఫెస్టివల్ జరిగింది. తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 135 కిలోమీటర్లు. అంత దూరానికైతే పార్సిల్ వేయడం కన్నా ఎవరైనా చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చి రావడం మేలు.

డిజైన్: 60 × 60 అంగుళాలు. నడుమ శ్రీకాళహస్తి కలంకారీ పద్మం, 24 × 24. చుట్టూ 6 అంగుళాల గళ్ళు 84. వాటిలో సగం, అంటే 42, తొమ్మిది ముక్కల గళ్ళు. మిగతా 42 ఒంటి ముక్క గళ్ళు. తొమ్మిది ముక్కల గడిలో ఐదు ముదురు, నాలుగు లేత. ఒకటి విడిచి ఒకటి పెడితే ముదురు చదరాలు ఐమూలగా గొలుసుల్లా నడిచి పద్మం దగ్గరికి చేరతాయి. దూరం నుంచి చూసే జడ్జికి ముందు కనబడేది ఆ గొలుసే. అందుకే ముదురుకీ లేతకీ తేడా గట్టిగా ఉండాలి. ముదురు మెరూన్, లేత కోరా రంగు తీసుకున్నాం. ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీస్తే తేడా చాలిందో లేదో వెంటనే తెలుస్తుంది.

కలంకారీ పెట్టేటప్పుడు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ పద్మం గీసింది వేరే కళాకారుడు. ఎంట్రీ ఫారంలో ‘మొత్తం ఒక్కరి పని’ అనే విభాగంలో పెడితే అబద్ధం అవుతుంది. షో నియమం చూసి ఇద్దరి పని కింద గానీ గ్రూపు కింద గానీ పెట్టాలి. కళాకారుని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, లేబుల్ మీద పేరు రాయాలి. కొన్న గుడ్డ నిజంగా కలంతో గీసిందేనా అన్నదీ చూసుకోవాలి. పెడన వైపు అచ్చులతో అద్దేదీ కలంకారీయే, దాన్ని చేత్తో గీసినదని రాయకూడదు. స్క్రీన్ ప్రింటులో ఒకే పువ్వు మళ్ళీ మళ్ళీ తేడా లేకుండా వస్తుంది, రంగు వెనక్కి సరిగా దిగదు. కలం గీతలో లావు సన్నం ఉంటుంది.

గుడ్డ లెక్క (44 అంగుళాల పన్నా, వాడుకకు 42): ముదురు రంగులో రెండున్నర అంగుళాల పట్టీలు 15, అంచు పట్టీకి రెండుంపావు అంగుళాలవి 7. అంతా కలిపి సుమారు 1.35 మీటర్లు, కొనేది 1.75. లేత రంగులో రెండున్నరవి 12, ఒంటి ముక్కలకు ఆరున్నరవి 7. సుమారు 1.92 మీటర్లు, కొనేది 2.5. అడుగు గుడ్డ 4 మీటర్లు. నగరి మరమగ్గాల నూలు గుడ్డ దీనికి బాగుంటుంది, సూది సులువుగా దిగుతుంది. వెంకటగిరి నూలు అందంగా ఉన్నా మరీ పల్చన. లోపలి కుట్టు మడతలు నీడలా పైకి కనబడతాయి, ‘ముదురు గుడ్డ లేత గుడ్డ కింద కనబడుతోంది’ అన్న వ్యాఖ్య తప్పదు.

ఏప్రిల్: ఉతుకు, రంగు పరీక్ష

ఎండలు మొదలైన ఈ నెలే దీనికి మంచిది, తడిసిన గుడ్డ గంటల్లో ఆరిపోతుంది. కానీ ఆరేసేది నీడలోనే.

ప్రతి గుడ్డ నుంచీ రెండంగుళాల ముక్క కత్తిరించి, గాజు గ్లాసులో వేడినీళ్ళు పోసి అరగంట వదిలేయాలి. తర్వాత ఆ ముక్కను తడిమీదనే తెల్ల గుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేయాలి. తెల్ల గుడ్డకు మరక అంటితే ఆ తాను ఇంకా ఉతకాలి. మెరూన్ గుడ్డకు మొదటిసారి రంగు దిగుతుంది, అది మామూలే. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు ఆగుతుందన్నది పాత నమ్మకం. మిగులు రంగు పోవాలంటే వేడినీళ్ళలో మళ్ళీ మళ్ళీ జాడించడమొక్కటే దారి, నీళ్ళు తేటగా వచ్చే దాకా. దీన్ని వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత, కుట్టడానికి గీసుకున్న గుర్తులు పోగొట్టడానికి తడిపినప్పుడు కోరా గళ్ళన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు.

కలంకారీ ముక్కకు వేరే పద్ధతి. ఆ గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి తయారుచేస్తారు. ఎర్ర రంగుకు పటిక, నల్ల గీతకు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి. ఇందులో మూడు చిక్కులున్నాయి. మొదటిది పాల వాసన. కొత్త గుడ్డలో అది నిలిచి ఉంటుంది, వాసన జడ్జి రాసే లోపాల్లో ఒకటి. రెండోది సబ్బు. బట్టల సోడా, మామూలు డిటర్జెంటు పౌడరు క్షారం, తగిలితే ఎరుపు ఛాయ మారుతుంది. కుంకుడు రసం వాడాలి, అదీ బాగా వడగట్టి, లేకపోతే దాని గోధుమ రంగు మరక గుడ్డకు పడుతుంది. మూడోది కసిమి. ఇనుము ఉన్న చోట నూలుపోగు ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. అందుకని పద్మం వెనక సన్నని మల్‌మల్ గుడ్డ పెట్టి, నాలుగు అంచులా కచ్చా కుట్టు వేసి, రెండూ ఒకటే గుడ్డగా వాడాం. బిగువంతా నల్ల గీతల మీద పడదు.

బోరు నీళ్ళలో ఉప్పు, ఇనుము ఉంటాయి. ఇనుము కరక్కాయకు తగిలితే బూడిద మచ్చలు పడతాయి. ఆఖరి జాడింపుకు ఆర్‌ఓ నీళ్ళే.

మే: పావు అంగుళం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. పై గుడ్డను మిషను మీద కలుపుతున్నాం. చేతికుట్టు విభాగంలో చాలా షోలు క్విల్టింగ్, అంటే మూడు పొరలనూ కలిపి కుట్టే పని, మాత్రమే చేత్తో ఉండాలని అడుగుతాయి, మన షో నియమం ఏమిటో చదివి నిశ్చయించుకోవాలి.

లెక్క చూడండి. కుట్టు గుడ్డ అంచుకు పావు అంగుళం లోపల పడాలి. అది 1/32 అంగుళం, అంటే మిల్లీమీటరు కన్నా తక్కువ, ఎక్కువ పడిందనుకుందాం. రెండు వైపులా కలిపి ఒక్కో కుట్టుకు 1/16 పోతుంది. తొమ్మిది ముక్కల గడిలో లోపల రెండు కుట్లు. గడి 1/8 అంగుళం చిన్నదవుతుంది, పక్కనున్న ఒంటి ముక్క గడి మాత్రం సరైన కొలతతోనే ఉంటుంది. రెంటినీ కలిపేటప్పుడు లాగి కుడతాం, అక్కడే అలలు పుడతాయి. వరుసలో పది గళ్ళు, వాటిలో ఐదు తొమ్మిది ముక్కలవి అయితే మొత్తం 19 కుట్లు. వరుస అంగుళం పైన తగ్గిపోతుంది. నడుమ పద్మం తగ్గదు కనుక అది పొంగి నిలబడుతుంది. అతుకుల బొంతల్లో కనబడే అలలు, పొంగులు చాలామటుకు మే నెలలో ఈ మిషను దగ్గర మొదలైనవే.

మిషను పాదం కొలత నమ్మకూడదు. మూడు రెండున్నర అంగుళాల పట్టీలు కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. నడుమ పట్టీ సరిగ్గా 2 అంగుళాలు, మొత్తం ఆరున్నర రావాలి. వచ్చాక ఆ దూరం దగ్గర మిషను పలక మీద నాలుగైదు పొరల మాస్కింగ్ టేపు గోడలా అతికించాలి. గుడ్డ ఆ గోడకు ఆనుతూ పోతుంది. ఇస్త్రీ మడత మందం కూడా కొలతలో తింటుంది కనుక, పావు అంగుళం గురి కన్నా ఒక పోగు తక్కువగా, అంచు వైపుకే కుట్టడం మేలు.

మూడేసి పట్టీలు కలిపి ముదురు-లేత-ముదురు వరుసవి 6, లేత-ముదురు-లేత వరుసవి 3 కుట్టి, రెండున్నర అంగుళాలకు అడ్డంగా కోస్తే 42 గళ్ళకు కావలసిన 84, 42 ముక్కలు వస్తాయి. కుట్టు మడతలన్నీ ముదురు వైపుకే ఇస్త్రీ. అప్పుడు రెండు ముక్కలు కలిపే చోట మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి తగులుకుంటాయి, చదరాల మూలలు వాటంతట అవే కలుస్తాయి. ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద జరపకూడదు, పెట్టి ఎత్తాలి. జరిపితే పేక వైపు సాగుతుంది.

ప్రతి గడినీ ఆరున్నరకు కొలిచి, 1/16 మించి తేడా ఉన్నదాన్ని విప్పి కుట్టాలి. అంచులు కోసి సరిచేయకండి. కోస్తే మూల చదరం చిన్నదవుతుంది, గొలుసు విరిగినట్టు దూరం నుంచే కనబడుతుంది.

జూన్: మూడు పొరలు

దూది విషయంలో ఇక్కడి పరుపుల అంగళ్ళలో రెండు దొరుకుతాయి. ఏకిన విడి దూది, పాలిస్టర్ షీటు. విడి దూది మన బొంతల సంప్రదాయం, కానీ అంగుళం అంగుళంన్నర ఎడంలో కుట్లు పడకపోతే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది. పాలిస్టర్ తేలిక, ముడత పడదు. కాకపోతే పీచు గుడ్డ నేతలోంచి బయటికి పొడుచుకొస్తుంది, మెరూన్ మీద తెల్లగా కనబడుతుంది. జడ్జీలకు ఈ లోపం బాగా తెలుసు. మేము తెప్పించుకున్నది సూదులతో గుచ్చి పలకగా చేసిన నూలు దూది, 68 × 68. నూలు దూది ఉతికితే 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది. ముందే గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండకుండా, పరుపు మీద పరిచి ఆరబెట్టాం.

అడుగు గుడ్డ కూడా 68 × 68. రెండు పన్నాలు కలపాలి. నట్టనడుమ కుట్టు వస్తే మడత పెట్టినప్పుడల్లా అక్కడే గీత పడుతుంది. ఒక పన్నాను నిలువునా రెండుగా చీల్చి, మొత్తం పన్నాకు అటూ ఇటూ కుట్టాలి.

అడుగు గుడ్డను గచ్చు మీద పరిచి మాస్కింగ్ టేపుతో బిగువుగా అతికించాలి. సాగదీయకూడదు. సాగదీస్తే టేపు తీశాక వెనక ముడుచుకుని కుచ్చులు వస్తాయి. దాని మీద దూది, పై గుడ్డ. తెల్ల దారంతోనే కచ్చా కుట్టు వేయాలి, నాలుగంగుళాల ఎడంతో, నడుమ నుంచి బయటికి. ఎర్ర దారం వాడితే తీసేటప్పుడు రంగు పీచు లోపల చిక్కుకుంటుంది.

జూలై నుంచి సెప్టెంబరు: సూది పని

క్విల్టింగుకు పొట్టి ‘బిట్వీన్స్’ సూదులు. అంకె పెరిగేకొద్దీ సూది చిన్నదవుతుంది. 9తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక 10కి మారవచ్చు. దారం 18 అంగుళాలు మించకూడదు, పొడుగైతే గుడ్డలోంచి రాసుకుని నూగు లేస్తుంది. మధ్య వేలికి తొడుగు తప్పదు.

అంగుళానికి పైన కనబడే కుట్లు 8 నుంచి 10 అయితే మంచి పని. కానీ జడ్జి లెక్కపెట్టేది తక్కువ, సమానంగా ఉన్నాయా లేదా చూసేది ఎక్కువ. అంగుళానికి ఏడైనా బొంతంతా ఏడే ఉండాలి. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఖాళీ కుట్టంతే ఉండాలి. వెనక వైపు కూడా అదే కొలత రావాలి. వెనక చుక్కలుగా వస్తే సూది ఏటవాలుగా దిగుతోందని అర్థం. నిలువుగా గుచ్చి, కింది వేలికి మొన తగిలిన క్షణమే పైకి తిప్పాలి.

ముడి ఎక్కడా కనబడకూడదు. సన్న ముడి వేసి, అంగుళం దూరంలో పై గుడ్డలో గుచ్చి, దూదిలోంచి తెచ్చి, చిన్నగా గుంజితే ముడి లోపలికి దూకుతుంది. దారం అయిపోయినప్పుడూ ఇదే తీరు. కోరా గళ్ళ కింద మెరూన్ దారం నడిపించకండి, నీడ కనబడుతుంది.

గళ్ళ మీద అంగుళంన్నర ఎడంతో ఐమూల గీతలు, పద్మం చుట్టూ రేకుల వంపు వెంట పావు అంగుళం దూరంలో ప్రతిధ్వని గీతలు అనుకున్నాం. మొదటి ప్లానులో పద్మం దగ్గర గీతలు మరీ దట్టంగా ఉండేవి. దట్టంగా కుట్టిన చోట బొంత ముడుచుకుంటుంది, వదులుగా వదిలిన అంచులు అలలవుతాయి. అందుకని పావు అంగుళం గీతలు మూడు వేసి, ఆ తర్వాత ఎడం క్రమంగా పెంచి గళ్ళ గీతల్లో కలిపాం. ఎక్కడ చెయ్యి పెట్టినా దట్టం దాదాపు ఒకేలా తగలాలి.

గుర్తుల సంగతి. ముదురు గుడ్డ మీద అరిగిపోయిన తెల్ల సబ్బు ముక్క చాలు, మన టైలర్లందరూ వాడేదే. లేత గుడ్డ మీద నీళ్ళకు పోయే నీలం పెన్ను. దాని మీద ఇస్త్రీ పడితే గీత నిలిచిపోతుంది, కనుక చన్నీళ్ళతో తీసేవరకు ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానీయకండి. వేడికి మాయమయ్యే ఫ్రిక్షన్ పెన్ను పోటీ బొంతకు అస్సలు వద్దు. సుమారు 60 డిగ్రీల దగ్గర పోయిన గీత, గడ్డకట్టే చలికి మళ్ళీ బయటపడుతుంది. చలికాలంలో చలిదేశానికి పంపిన పెట్టెలో అది తిరిగి రావచ్చు. పద్మం మీద ఏ పెన్నూ లేదు. పావు అంగుళం మాస్కింగ్ టేపు అతికించి, పక్కనే కుట్టి, అదే రోజు తీసేశాం. రాత్రంతా ఉంచితే జిగురు మిగులుతుంది. కుట్టేటప్పుడు బొంతను బిగించే ఫ్రేము రింగు కూడా అంతే, పని ఆపగానే విప్పాలి.

అక్టోబరు: చదరం, అంచు

ఈశాన్య రుతుపవనాలు దిగక ముందే తడి పని ముగించాలి. నెల సగం దాటితే ముసురు పడుతుంది, మందం గుడ్డ ఆరక బూజు వాసన పడుతుంది.

గళ్ళను చన్నీళ్ళతో తుడిచి నీలం గీతలు తీశాం. పద్మాన్ని నానబెట్టకుండా ఆర్‌ఓ నీళ్ళు చిలకరించి మాత్రమే తేమ చేశాం. తర్వాత థర్మోకోల్ పలకల మీద పరిచి, రెండు ఐమూలలూ కొలిచి, సమానమయ్యే దాకా అంచులు సర్ది, రెండేసి అంగుళాలకు తుప్పు పట్టని పిన్నులు గుచ్చాం. ఫ్యాను గాలికి ఆరాలి. ఆరాక మళ్ళీ కొలత: ఐమూలలు రెండూ, నిలువు మూడు చోట్ల, అడ్డం మూడు చోట్ల. పావు అంగుళం లోపు తేడా అయితే పర్లేదు. చేతికుట్టుకు బొంత కొంత ముడుచుకుంటుంది, 60 అనుకున్నది 59 చిల్లరకు వస్తుంది. ఫారంలో రాయాల్సింది ఈ కొలతే.

అంచు పట్టీలో జడ్జి వేలు చూసేది అది నిండుగా ఉందా అని. రెండుంపావు పట్టీని నిలువునా సగానికి మడిచి, పై గుడ్డ అంచుకు కలిపి, పావు అంగుళం లోపల కుట్టాలి. దూదినీ అడుగు గుడ్డనూ అంచుకు సరిగ్గా కోయకుండా 1/8 అంగుళం బయటికి వదలాలి. అప్పుడు పట్టీ ముందూ వెనకా 3/8 అంగుళమే వస్తుంది, లోపల దూది చివరిదాకా ఉంటుంది. దూది తక్కువైతే నొక్కినప్పుడు గుడ్డ ఖాళీగా తగులుతుంది. పట్టీల జోడింపు ఐమూలగా ఉండాలి, ఏదీ బొంత మూలలో పడకూడదు. మూల దగ్గర పావు అంగుళం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్ళీ కిందికి దించి కొత్త వైపు మొదలుపెట్టాలి. ఆ మూల మడతను ముందూ వెనకా హెమ్మింగుతో మూసెయ్యాలి. మూయని మూలలు జడ్జీల కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనబడే మాట.

వేలాడదీయడానికి వెనక గొట్టం: అడుగు గుడ్డదే 9 అంగుళాల వెడల్పు, 60 పొడవు. చివర్లు మడిచి కుట్టాక 58. అర అంగుళం కుట్టుతో కలిపితే 4 అంగుళాల గొట్టం. బయటి పొరను అర అంగుళం వదులుగా ఉంచి కుట్టాలి, కర్ర దూరినప్పుడు ఆ వదులే తింటుంది. లేకపోతే కర్ర లావు ముందు వైపు గట్టులా పొంగుతుంది. కుట్టు అడుగు గుడ్డనూ దూదినీ పట్టాలి, ముందుకు రాకూడదు.

లేబుల్ కింది మూలలో: పేరు, ఊరు, సంవత్సరం, గుడ్డ రకం, కలంకారీ కళాకారుని పేరు. పేర్లు కనబడకుండా జడ్జింగ్ జరుగుతుంది కనుక దాని మీద చిన్న గుడ్డ పిన్నుతో కప్పాలి.

నవంబరు: ఫోటో, ఫారం

మొదటి ఏరివేత ఫోటోలోనే. నాలుగు అంచులూ కనబడే పూర్తి ఫోటో ఒకటి, దగ్గర ఫోటో ఒకటి అడుగుతారు. పూర్తి ఫోటోలో చేతులు, కాళ్ళు, తలుపు గొళ్ళెం ఏవీ ఉండకూడదు. కెమెరా బొంత నడుముకు సమానమైన ఎత్తులో లేకపోతే చదరమైన బొంత కూడా వంకరగా కనబడుతుంది. ముసురు పట్టిన పగటి వెలుతురు దీనికి బాగా పనికొస్తుంది, నీడలు పడవు. దగ్గర ఫోటోకు మాత్రం ఒక పక్క నుంచి వెలుగు రావాలి, అప్పుడే కుట్ల గుంటలు తేలతాయి.

డిసెంబరు: పెట్టె

పంపే ముందు ట్యూబ్‌లైటు పక్కన ఏటవాలుగా పట్టి దారం కొసలు, కచ్చా కుట్టు ముక్కలు, వెంట్రుకలు ఏరాలి. జిగురు రోలరు పద్మం మీద వాడకండి. నాఫ్తలిన్ ఉండలు, అగరుబత్తి, సాంబ్రాణి ఉన్న బీరువాలో బొంత పెట్టవద్దు, నూలు వాసనను పట్టి ఉంచుతుంది.

మడత మీద మడత పడే చోట తెల్ల గుడ్డ చుట్టలు పెట్టి, మూడు భాగాలుగా మడిచి, నూలు గలీబులో, తర్వాత పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి. సంచి మీదా లోపలా చిరునామా. తెరిచేవాళ్ళు కత్తి దించుతారు కనుక పై మూత కింద అట్టముక్క తప్పదు. బరువు కిలో నుంచి కిలోన్నర. విదేశానికైతే కస్టమ్స్ కాగితంలో ‘ప్రదర్శన కోసం, తిరిగి వస్తుంది, అమ్మకానికి కాదు’ అని స్పష్టంగా రాసి, విలువను ఫారంలో రాసిన అంకెతో సరిపోయేలా చూడాలి. మన దేశంలో ఏటీఏ కార్నే అనే తాత్కాలిక ఎగుమతి పత్రం వ్యాపార, పరిశ్రమల సమాఖ్య అయిన ఫిక్కీ ఇస్తుంది. ఒక్క బొంతకు దాని ఖర్చు, పని రెండూ ఎక్కువ, పది బొంతలు కలిపి పంపే గ్రూపుకు ఆలోచించదగ్గది. పోస్టు రసీదు, బొంత నాలుగు మూలల ఫోటోలు ఒకే చోట ఉంచాలి.

తిరిగి వచ్చే పెట్టెలో జడ్జి వ్యాఖ్యల కాగితం ఉంటుంది. దాన్ని రెండుగా విడదీసి చదవాలి. అంచు నిండుగా లేదు, మూల మూయలేదు, దారం కొస కనబడింది అంటే పట్టీ విప్పి మళ్ళీ వేసి ఇదే బొంతను ఇంకో షోకు పంపవచ్చు. చాలా షోలు బొంత పూర్తయి రెండు మూడేళ్ళు దాటకూడదంటాయి, ఆ గడువు చూసుకుని. చదరం రాలేదు, గొలుసు మూలలు కలవలేదు, కుట్ల దట్టం సమానంగా లేదు అంటే ఈ బొంతలో సరిచేయలేం. అది తర్వాతి బొంత మే నెల పేజీలో, మిషను పక్కన టేపు గోడ కొలతతో పాటు రాసుకోవాల్సింది.